ముప్పావు మిల్లీమీటరు

నా బల్ల మీద ఒక పాత స్టీలు స్కేలు ఉంటుంది. అడుగు పొడవు. ఒక అంచున అంగుళాలు, రెండో అంచున పైకాలు, అంటే అచ్చుపనిలో వాడే కొలత. పన్నెండు పాయింట్లు ఒక పైకా, ఆరు పైకాలు ఒక అంగుళం. కంప్యూటర్‌లో పేజీలు కట్టేవాళ్లని నిద్రలో లేపి అడిగినా ఇదే చెబుతారు. నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. ఈ స్కేలు మాత్రం ఒప్పుకోదు. మొదట్లో రెండు అంచుల గీతలూ కలిసే నడుస్తాయి. ఆరో అంగుళం దగ్గరికి వచ్చేసరికి పైకా గీత అర మిల్లీమీటరు ఇవతలే ఆగిపోతుంది. పన్నెండో అంగుళం దగ్గర చూస్తే తేడా మిల్లీమీటరు దాటింది.

చవక స్కేలు, గీతలు సరిగ్గా పడలేదు అనుకున్నాను. పారేయకపోవడానికి ఒకటే కారణం: బరువుగా ఉంటుంది, ఫ్యాను కింద కాగితాలు ఎగరవు.

కిందటేడు ఒక పని వచ్చింది. సీసపు అక్షరాలతో అచ్చయిన పాత ఇంగ్లీషు పుస్తకాన్ని మళ్లీ కంపోజ్ చేయాలి. షరతు ఏమిటంటే, పాత పేజీలో ఏ లైను ఎక్కడుందో కొత్త పేజీలోనూ అక్కడే ఉండాలి. ఆ పుస్తకాన్ని పేజీ నంబరు, లైను నంబరుతో సహా ఉదహరించేవాళ్లు ఉన్నారట. స్కాన్ చేసిన పేజీని అడుగున పెట్టి దాని మీద కొత్త లైన్లు పేర్చడం మొదలుపెట్టాను. లైనుకీ లైనుకీ మధ్య 12 పాయింట్లు. మొదటి లైను చక్కగా కూర్చుంది. పదో లైను దగ్గర అక్షరాల అంచులు కాస్త అలుక్కున్నట్టు కనిపించాయి, కళ్లద్దాలు తుడుచుకున్నాను. పేజీలో చివరిది, నలభై ఎనిమిదో లైను, పాతదానికంటే ముప్పావు మిల్లీమీటరు కిందికి దిగిపోయింది.

ముప్పావు మిల్లీమీటరు ఎవరికి కనిపిస్తుంది అని మీరు అనొచ్చు. నాకు కనిపిస్తుంది. రాత్రి పడుకున్నాక కూడా కనిపిస్తుంది.

స్కానింగ్ చేసిన కుర్రాడికి ఫోన్ చేసి, స్కాన్ కుదించుకుపోయిందని కాస్త గట్టిగానే అన్నాను. "లేదండీ, ప్రతి పేజీ పక్కనా స్కేలు పెట్టే తీశాను. కొలిచి చూసుకోండి" అన్నాడు. కొలిచాను. స్కాన్‌లో ఉన్న స్కేలు మీద పది సెంటీమీటర్లు సరిగ్గా పది సెంటీమీటర్లే. అయితే కాగితమే ముడుచుకుని ఉంటుందనుకున్నాను. కాగితానికి పీచు ఒక దిక్కుగా ఉంటుంది. పీచుకు అడ్డంగా ఎక్కువ ముడుచుకుంటుంది, పీచు వెంట తక్కువ. నా పేజీలో మాత్రం తేడా అడ్డంగానూ నిలువుగానూ ఒకే నిష్పత్తిలో ఉంది. కాగితం అంత న్యాయంగా ముడుచుకోదు.

చివరికి విసుగొచ్చి, అసలు పుస్తకమే తెరిచి, కాగితాల మీద బరువుగా ఉన్న ఆ స్టీలు స్కేలునే తీసి పేజీ మీద పెట్టాను. మొదటి లైను పాదం దగ్గర సున్నా. నలభై ఎనిమిదో లైను పాదం నలభై ఏడో పైకా గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. లైన్ల మధ్య నలభై ఏడు ఎడాలు, నలభై ఏడు పైకాలు. స్కేలు తప్పు కాదు. ఆ పుస్తకం ఏ కొలతతో పుట్టిందో ఆ కొలతే దీని మీద ఉంది. కుర్రాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను.

అసలు సంగతేమిటంటే, మనం పాయింటు అనేది ఒకటి కాదు. 1886లో అమెరికా టైపు ఫౌండ్రీల, అంటే సీసపు అక్షరాలు పోతపోసే కంపెనీల, సంఘం ఒప్పుకున్న పాయింటు 0.013837 అంగుళాలు. అంటే అంగుళానికి 72 కాదు, దాదాపు 72.27. ఇంత వికారమైన అంకె ఎందుకంటే, అది అంగుళంలోంచి పుట్టింది కాదు. అంతకుముందు ఫౌండ్రీకో కొలత. ఒకరి దగ్గర కొన్న పైకా అక్షరం ఇంకొకరి పైకా పక్కన కూర్చునేది కాదు. 1871 షికాగో అగ్నిప్రమాదంలో మార్డర్, లూస్ అనే ఫౌండ్రీ కాలిపోయింది. పోతపరికరాలు ఎలాగూ కొత్తగా చేసుకోవాలి కాబట్టి, వాళ్లు సైజులన్నిటినీ ఒక క్రమంలో పెట్టడానికి పూనుకున్నారు. తర్వాత అందరికీ ఒకటే కొలత ఉండాలని తేల్చుకున్నప్పుడు, కొత్త అంకె పెట్టుకుంటే అందరూ పోత అచ్చులు పారేయాలి. అందుకని ఫిలడెల్ఫియాలోని మెకెల్లార్, స్మిత్స్ అండ్ జోర్డన్ అనే పెద్ద ఫౌండ్రీ అప్పటికే వాడుతున్న పైకానే అందరి పైకా చేశారు. దానికి శాస్త్రీయంగా ఒక ఆధారం ఉండాలి కదా, 83 పైకాలు 35 సెంటీమీటర్లు అని ముడిపెట్టారు. ముందు వస్తువు, తర్వాత నిర్వచనం.

ఐరోపాలో కథ వేరు. పాయింట్ల లెక్కను మొదట పట్టికగా వేసింది పియర్ సిమోన్ ఫోర్నియే, 1737లో. తర్వాత తన పుస్తకంలో 144 పాయింట్ల స్కేలును అచ్చు కూడా వేశాడు. నాకు ఆ స్కేలు తలుచుకుంటేనే జాలేస్తుంది. ఆ రోజుల్లో కాగితాన్ని తడిపి అచ్చు వేసేవారు, ఆరాక అది ముడుచుకునేది. కొలబద్దే ముడుచుకుంటే ఇంక దేన్ని దేంతో కొలుస్తాం? 1780ల్లో ఫ్రాన్స్వా ఆంబ్రాస్ డీడో దాన్ని పక్కనపెట్టి, ఫ్రెంచి రాజుగారి అడుగుకు పాయింటును కట్టేశాడు. రాజుగారి అంగుళంలో 72వ వంతు, ఇప్పటి లెక్కలో 0.376 మి.మీ. పదేళ్లు తిరక్కుండానే రాజుగారు పోయారు, ఆ శతాబ్దం ముగిసేలోగా ఆయన అడుగు స్థానంలో మీటరు వచ్చింది. డీడో పాయింటు మాత్రం ఐరోపా ప్రెస్సుల్లో సీసం ఉన్నంతకాలం ఉండిపోయింది. పన్నెండు డీడో పాయింట్లను సిసెరో అంటారు. రోమన్ వక్త సిసెరో రచనలు అచ్చేసిన అక్షరం సైజు కాబట్టి ఆ పేరని చెబుతారు. సిసెరో 4.51 మి.మీ., పైకా 4.22. రెంటినీ "పన్నెండు" అనే పిలుస్తారు.

ఇక మనం కంప్యూటర్లో వాడేది మూడోది. 1980ల్లో ప్రింటరుకు పేజీని వర్ణించి చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష వచ్చినప్పుడు అంగుళానికి సరిగ్గా 72 అని గుండుగుత్తగా తేల్చేశారు. 0.353 మి.మీ. పాత అమెరికా పాయింటు 0.351. తేడా ఒక్క పాయింటులో ఏమీ లేదు. నలభై ఏడు పన్నెండ్లు ఐదు వందల అరవై నాలుగు పాయింట్లు, అక్కడికి ముప్పావు మిల్లీమీటరు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్, పేజీలు కంపోజ్ చేసే తన టెక్ (TeX) సాఫ్ట్‌వేర్‌లో పాత 72.27నే అసలు పాయింటుగా ఉంచి, ఈ కొత్తదానికి "బిగ్ పాయింట్" అని పేరు పెట్టాడు. ఆ పేరులో కాస్త ఎత్తిపొడుపు ఉందని నా అనుమానం.

సరే, పాయింటు తేలింది. లైను ఎడం 12 బదులు 11.955 అని కొట్టాను. నలభై ఎనిమిదో లైను వెళ్లి పాత లైను మీద కూర్చుంది. ఆ రోజు ఆనందంగా పడుకుని, తెల్లారి లేచేసరికి ఇంకో సమస్య ఎదురుగా ఉంది. అక్షరం సైజు ఎంత?

నవ్వకండి. పది పాయింట్ల అక్షరంలో పది పాయింట్లు ఉండేది ఏది? పెద్ద అక్షరాన్ని కొలవండి, పది ఉండదు. పైకి పొడుచుకొచ్చే కొమ్ము నుంచి కిందికి దిగే తోక దాకా కొలవండి, అప్పుడూ పది ఉండాలని లేదు. అదే పది పాయింట్లలో ఒక టైప్‌ఫేస్ బొద్దుగా, ఇంకోటి పీలగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ పది సిరాది కాదు, లోహానిది. అక్షరం ఒక సీసపు దిమ్మ నెత్తిన ఉంటుంది. ఆ దిమ్మను బాడీ అంటారు. పది పాయింట్లు ఆ దిమ్మ కొలత. దిమ్మ నెత్తిన అక్షరం ఎంత చోటు ఆక్రమించాలో దాన్ని చెక్కినవాడి ఇష్టం. ఇప్పుడు ఫాంటుల్లో దిమ్మ లేదు కానీ, లేని ఆ దిమ్మ కొలతనే మనమింకా సైజు అంటున్నాం.

కాబట్టి అచ్చయిన పేజీని చూసి లైనుకీ లైనుకీ మధ్య పన్నెండు పాయింట్లని చెప్పగలను. అది పన్నెండు పాయింట్ల దిమ్మలు ఒకదాని కింద ఒకటి నేరుగా పేర్చిందా, పదకొండు పాయింట్ల దిమ్మల మధ్య ఒక పాయింటు సీసపు బద్ద పెట్టిందా, పది మధ్య రెండు పాయింట్ల బద్ద పెట్టిందా అన్నది సిరా చెప్పదు. ఆ బద్దే లెడ్. లెడ్ అంటే సీసం. లెడ్డింగ్ అనే మాట అక్కడినుంచే వచ్చింది.

నాకీ సంగతులు పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. చాలా ఏళ్ల క్రితం ఒక రిటైరైన కంపోజిటర్ దగ్గర కొన్ని ఆదివారాలు చేతి కంపోజింగ్ నేర్చుకున్నాను. నాకు సరదా, ఆయనకు కాలక్షేపం. మొదటి రోజు అక్షరాలు ముట్టుకోనివ్వలేదు. ఖాళీలు చూపించాడు. మనం కీబోర్డు మీద పొడుగు మీట ఒకటి నొక్కితే వచ్చే ఖాళీ ఆయన దగ్గర గళ్లు గళ్లుగా, రకరకాల మందాల్లో ఉంది. దిమ్మ ఎంత ఎత్తో అంతే వెడల్పున్న చదరం ఎమ్ క్వాడ్. పన్నెండు పాయింట్ల టైపుకి ఎమ్ అంటే పన్నెండు, ఎనిమిదికి ఎనిమిది. అందులో సగం ఎన్. ఎమ్, ఎన్ అని అరిస్తే మెషీన్ల రొదలో రెండూ ఒకేలా వినిపిస్తాయని ఇంగ్లీషు ప్రెస్సుల్లో వాటిని మటన్, నట్ అనేవారట. ఎమ్‌లో మూడో వంతు థిక్, నాలుగో వంతు మిడ్, ఐదో వంతు థిన్. ఇవి కాక ఒక పాయింటు ఇత్తడి రేకులు, అర పాయింటు రాగి రేకులు. ఆయన దగ్గర అంతకంటే సన్నది లేదు. టెక్ పాయింటును 65,536 ముక్కలు చేసి లెక్క పెడుతుంది. ఆయనకు ఒకటిలో సగంతో సరిపోయేది.

పన్నెండు పాయింట్ల టైపుతో లైను పేర్చమన్నాడు. పదాల మధ్య థిక్‌లు, ఒక్కొక్కటీ నాలుగు పాయింట్లు. పది పదాలు పట్టాయి, పదకొండోది పట్టలేదు, చివర తొమ్మిది పాయింట్ల చోటు మిగిలింది. తొమ్మిది సందులున్నాయి కాబట్టి సందుకో పాయింటు పెంచితే సరి. కానీ ఐదు పాయింట్ల ముక్క లేదు. థిన్ 2.4, మిడ్ 3. రెండు థిన్‌లు కలిపితే 4.8. ఒక మిడ్, ఒక థిన్ కలిపితే 5.4. నేను కాగితం పెన్ను తీసేలోపు ఆయన చేతులు ఆరు సందుల్లో 4.8, మూడు సందుల్లో 5.4 పెట్టేశాయి. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. సరిగ్గా నలభై ఐదు. ఆ మూడు పెద్ద సందులూ ఎక్కడపడితే అక్కడ పెట్టలేదు కూడా. నిటారు గీతలున్న అక్షరాలు ఎదురెదురు పడ్డచోట పెట్టాడు, అక్కడ సందు ఇరుకుగా కనిపిస్తుంది కాబట్టి. కామా తర్వాత చిన్నది చాలు, కామా పైన ఎలాగూ ఖాళీయే. ఇప్పుడు నా సాఫ్ట్‌వేర్ జస్టిఫై మీట నొక్కగానే మిగిలిన చోటంతా అన్ని సందులకూ సమానంగా పంచేస్తుంది. తప్పు లేదు. ఆ సమానత్వం చూసినప్పుడల్లా నాకు ఆ కామా గుర్తొస్తుంది.

నాలుగో ఆదివారం నా అంతట నేను ఒక పేజీ పేర్చాను. ఇనప చట్రంలో పెట్టి బిగించాను. ఎత్తగానే మధ్యలోంచి మూడు లైన్లు జలజలా రాలిపోయాయి. ఆయన తిట్టలేదు. ఒక్కో లైను మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపించాడు. "ఈ లైను బిగువు, ఇది వదులు. చుట్టూ ఎంత బిగిస్తే ఏం లాభం? బిగువంతా ఆ గట్టి లైనే తీసుకుంటుంది, వదులుది రాలిపోతుంది. ఫారం ఎలా లేస్తుంది నాయనా?" అన్నాడు. చట్రంలో బిగించిన పేజీనే ఫారం అంటారు. అర పాయింటు రాగి రేకు ఎందుకుందో అప్పుడు తెలిసింది. కింద పడిన అక్షరాలన్నీ ఏరి గళ్లలో వేసేసరికి సాయంత్రమైంది.

వెబ్ పేజీలు చేసేవాళ్లు ఈ ముక్కలు తమవి కావనుకుంటారు గానీ, అన్నీ అక్కడే ఉన్నాయి. యూనికోడ్‌లో ఎన్ స్పేస్, ఎమ్ స్పేస్, మూడో వంతు, నాలుగో వంతు, థిన్, హెయిర్ అన్నిటికీ వేర్వేరు సంకేతాలున్నాయి. బ్రౌజర్లు మామూలుగా చూపించే 16 పిక్సెళ్ల అక్షరం 12 పాయింట్లకు, అంటే ఒక పైకాకు సమానం. నాకు నచ్చనిది ఒక్కటే. సీసపు బద్ద రెండు లైన్ల మధ్య పడేది. వెబ్‌లో లైన్ హైట్ పెంచితే ఆ ఖాళీని సగం చేసి ప్రతి లైనుకూ పైన సగం, కింద సగం అంటిస్తారు. దాంతో పేరా మొదటి లైను పైన ఎవరూ అడగని ఖాళీ ఒకటి వేలాడుతుంది. బొమ్మ పక్కన పేరా పెట్టి రెండూ ఒకే ఎత్తులో మొదలవ్వాలని ప్రయత్నించినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. కింద ఒత్తులు, పైన గుడులు ఉండే మన లిపికి లైన్ హైట్ ఎలాగూ ఎక్కువ కావాలి కాబట్టి, ఆ వేలాడే ఖాళీ ఇంకా పెద్దది.

పాత పుస్తకం దగ్గరికి వస్తే, సైజు పది అని నా అంచనా. పదకొండు కూడా కావచ్చు. అదే టైప్‌ఫేస్ డిజిటల్ రూపం దొరికింది కానీ, దాన్ని ఫాంటుగా మార్చినవాళ్లు బాడీలో అక్షరాన్ని ఎంత చేశారో తెలియదు కాబట్టి పోలిక పనికిరాదు. కంటికి సరిపోయే సైజు పెట్టి పని కానిచ్చేయొచ్చు. కానిచ్చేశాను కూడా. కొత్త పేజీలు పాత పుస్తకంతో పక్కపక్కన పెట్టి ఆఖరిసారి సరిచూస్తుంటే 112వ పేజీలో ఒక మచ్చ కనిపించింది. రెండు పదాల మధ్య చిన్న నల్లటి నిలువు పట్టీ. స్కాన్‌లో అది లేదు. దుమ్మూ మచ్చలూ పోవడానికి కుర్రాడు పెట్టిన ఆటోమేటిక్ క్లీనింగ్ దాన్నీ తుడిచేసింది.

అది మచ్చ కాదు. టైపు దిమ్మ నిలువుఎత్తు, అంటే అడుగు నుంచి నెత్తిన ఉన్న అక్షరం దాకా, 0.918 అంగుళాలు. ఖాళీ ముక్కలు అంతకంటే పొట్టిగా ఉంటాయి, అందుకే వాటికి సిరా అంటదు. లైను వదులుగా ఉంటే, మెషీన్ అదురుకు ఖాళీ ముక్క ఒకటి మెల్లగా పైకి లేచి అక్షరాలతో సమానమవుతుంది. అప్పుడు దానికీ సిరా అంటి, అచ్చుపడుతుంది. ఎవరో నాలాంటివాడు లైను సరిగ్గా బిగించలేదన్నమాట.

భూతద్దం పెట్టి కొలిచాను. అంచుల్లో సిరా కాస్త పాకింది. ఎత్తు మూడున్నర మిల్లీమీటర్లు, వెడల్పు 1.2. మూడున్నర అంటే పది పాత పాయింట్లు. అందులో మూడో వంతు 1.17. థిక్ స్పేస్. పదకొండు పాయింట్లే అయితే ఎత్తు 3.87 ఉండాలి. పది పాయింట్ల దిమ్మ, మధ్యలో రెండు పాయింట్ల బద్ద. సైజు పెట్టెలో 9.963 అని కొట్టి పుస్తకం మొత్తం మళ్లీ సరిచేశాను. రెండు రోజులు పట్టింది.

కుర్రాడికి ఫోన్ చేసి 112వ పేజీ క్లీనింగ్ లేకుండా ఇంకోసారి స్కాన్ చేసి పంపమన్నాను. "ఆ మచ్చ ఉంచాలా అండీ?" అని అడిగాడు. పుస్తకంలో వద్దు, నాకు పంపు అన్నాను.